పోస్టు బాక్సులో కాపురం

పత్రికల్లో కథలు అయిపోయాక ప్రకటనలు కూడా వదలకుండా చదివే అలవాటున్న వాళ్ళకి పోస్టు బాక్సు నెంబరు గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒకప్పుడు తలనూనెల వాళ్ళు, రేడియోలు అమ్మేవాళ్ళు, ఇంట్లో కూర్చునే ఇంగ్లీషు నేర్చుకోమనే వాళ్ళు, అందరూ పోస్టు బాక్సుల్లోనే కాపురం ఉండేవారు. వీధి పేరుండదు, ఇంటి నెంబరుండదు. "పోస్టు బాక్సు నెంబరు ఇంత, మద్రాసు" అంటే చాలు. అంత పెద్ద కంపెనీ ఆ కాస్త పెట్టెలో ఎలా పట్టిందా అని చిన్నప్పుడు తెగ ఆలోచించేవాణ్ణి. ఓ కార్డు ముక్క రాసి పడేస్తే సరుకు వి.పి.పి.లో వచ్చేది. పోస్టుమాన్‌కి డబ్బు కట్టి పొట్లం విప్పుకునేవాళ్ళం. ఇప్పుడేదో కొత్తగా కనిపెట్టినట్టు 'క్యాష్ ఆన్ డెలివరీ' అంటున్నారు గాని, మన తపాలా వాళ్ళు 1877లోనే మొదలెట్టారు ఆ పని.

ఆ రోజుల్లో అమ్మేవాడు పెట్టెలో ఉండేవాడు, కొనేవాడు ఇంట్లో ఉండేవాడు. ఇప్పుడది తిరగబడింది. అమ్మేవాడు సెల్‌ఫోనులో ఉంటున్నాడు. కొనేవాడు "నా చిరునామా పోస్టు బాక్సండీ" అంటే, "అయితే మీకు అమ్మం, వెళ్ళిరండి" అంటున్నాడు.

ఈ సంగతులు నాకెలా తెలిశాయంటే, మా కోడలు రెండేళ్ళుగా ఇంటర్నెట్లో బట్టల కొట్టు నడుపుతోంది. మంగళగిరి చీరలు, ఉప్పాడ చీరలు, పొందూరు ఖద్దరు చొక్కాలు. కొట్టంటే మా ఇంటి వెనక గదే. బేరాలు చూడ్డం, ఫొటోలు తియ్యడం తన పని. పొట్లాలు కట్టి అడ్రసులు సరిచూడ్డం రిటైరై ఖాళీగా ఉన్న నా పని. జీతం రోజుకి రెండు కాఫీలు.

ముందు అసలు చిక్కేమిటో చెప్తాను. పోస్టు బాక్సంటే పోస్టాఫీసులో తాళం వేసి ఉండే చిన్న అర. అద్దె కట్టి తీసుకుంటారు. ఉత్తరాలు అందులో పడతాయి, మనం వెళ్ళి తెచ్చుకోవాలి. ఆ పెట్టె పోస్టాఫీసు సొత్తు, అందులో వేసే చెయ్యి కూడా పోస్టాఫీసుదే. ప్రైవేటు కొరియరు కుర్రాడికి తలుపు కావాలి, తలుపు తీసే మనిషి కావాలి, సంతకం కావాలి. పెట్టె సంతకం పెట్టదు కదా! అందుకే అమెరికాలో యూపీఎస్, ఫెడెక్స్ లాంటి వాళ్ళు అక్కడి పోస్టు బాక్సులకి మామూలుగా పొట్లాలు తీసుకోరు.

ఇంతవరకూ న్యాయంగానే ఉంది. కాని మా కోడలి కొట్టుకి వాడే సాఫ్ట్‌వేరు ఎక్కడో పరాయి దేశంలో తయారైంది. అడ్రసులో 'పి.ఓ.' అన్న అక్షరాలు కనిపిస్తే చాలు, అది పోస్టు బాక్సే అనుకుని "ఈ చిరునామాకి పంపలేము" అని ఎర్రక్షరాల్లో తిప్పికొట్టేది. మన దేశంలో పి.ఓ. అంటే ఏమిటండీ? ఫలానా ఊరు, పి.ఓ. ఫలానా, వయా ఫలానా, మండలం, జిల్లా. అంటే ఆ ఊరికి ఉత్తరాలు పంచే పోస్టాఫీసు పేరన్నమాట. పెట్టెకీ దానికీ ఏమీ సంబంధం లేదు. ఆ తేడా తెలియని యంత్రం పల్లెటూళ్ళ వాళ్ళని గుమ్మంలోంచే పంపించేస్తోంది. పట్నంలో పోస్టాఫీసు వీధిలో ఉంటున్న పాపానికి ఒకాయన్ని కూడా వదల్లేదు.

అలా వెళ్ళిపోయిన వాళ్ళు ఫిర్యాదు చెయ్యరు. ఇంకో కొట్టు చూసుకుంటారు, లేదా "మనలాంటి వాళ్ళకి కాదులే ఇది" అనుకుని ఊరుకుంటారు. ఒక్కావిడ మాత్రం ఊరుకోలేదు. శ్రీకాకుళం జిల్లాలో ఓ పల్లెటూరు. మనవరాలి చేత ఫోను నొక్కించి, కొడుక్కి ఖద్దరు చొక్కా పంపిద్దామని చూసింది. డబ్బు కట్టేవారి చిరునామా దగ్గర తన ఊరి పి.ఓ. చూసి యంత్రం ఒకసారి కాదంది. సరుకు చేరాల్సిన చోట కొడుకు అడ్రసు చూసి రెండోసారి కాదంది. ఆఖరికి ఫోను చేసింది. తీసింది నేను.

"బాబూ, మీ కొట్టోళ్ళకి మా గుంటడి అడ్రసు దొరకనేదంట. పద్నాలుగేళ్ళ బట్టి సర్కారోళ్ళకి దొరుకుతంది. మీకేటి దొరకదు?"

"ఎక్కడుంటాడమ్మా మీ అబ్బాయి?"

"మిలట్రీలో. ఏ ఊరో నాకు తెల్దు బాబూ. సెప్పకూడదంట. తొంభై తొమ్మిది ఏపీవో అని రాస్తే ఎల్తాది."

అదండీ సంగతి. 56 ఏ.పి.ఓ., 99 ఏ.పి.ఓ. అనేవి మన సైన్యం తపాలా చిరునామాలు. పేరు, నెంబరు, యూనిట్టు రాసి, కేరాఫ్ 99 ఏ.పి.ఓ. అంటే చాలు. 56 వాళ్ళవి ఢిల్లీలోనూ, 99 వాళ్ళవి కోల్‌కతాలోనూ ఉన్న సైనిక తపాలా కేంద్రాలకి చేరి, అక్కణ్ణించి దళం ఎక్కడుంటే అక్కడికి పోతాయి. ఊరి పేరు రాయకపోవడమే అందులో కిటుకు. కొరియరుకి ఊరు కావాలి, సైన్యం ఊరు చెప్పదు. కాబట్టి అక్కడికి తపాలాయే దారి. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది కదా. దాని మొదటి అంకెల్లో 1 నుంచి 8 దాకా దేశంలోని ప్రాంతాలకి. మన తెలుగు వాళ్ళకీ కన్నడం వాళ్ళకీ కలిపి 5. తొమ్మిది మాత్రం ఏ ప్రాంతానికీ కాదు, సైన్యానికి. దేశం ఆ కుర్రాడి కోసం ఒక అంకె మొత్తం అట్టేపెట్టింది. మా కొట్టు మాత్రం ఇల్లెక్కడ అంటోంది.

సాయంత్రం కోడలితో అన్నాను, "అమ్మాయ్, నీ కొట్టు మిలట్రీ వాడికి ఇల్లు లేదంటోంది" అని.

తన లెక్క తనది. "మామయ్యగారూ, పోస్టు బాక్సు అడ్రసున్న పొట్లం ఒకటి కొరియరు వాళ్ళు పుచ్చుకుని, నెల్లాళ్ళు తిప్పి వెనక్కి పంపారు గుర్తుందా? పోనూ రానూ ఛార్జీలు మనమే కట్టుకున్నాం. మళ్ళీ ఎవరు భరిస్తారు?"

నిజమే. చొక్కా మీద మిగిలేదెంత, తిరిగొచ్చిన పొట్లం తినేసేదెంత! అయినా, "పొమ్మనడం ఎందుకు, ఇంకో ప్రశ్న అడగొచ్చుగా?" అన్నాను.

భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని, ఇదివరకు ఫోనులో బేరమాడిన వాళ్ళ అడ్రసులు తిరగేశాం. దుబాయిలో పనిచేసే కడప కుర్రాడొకడు. ఆ దేశంలో ఉత్తరాలకి మొదట్నించీ పోస్టు బాక్సులే అలవాటు. చాలామందికి కంపెనీ బాక్సే చిరునామా. అతనికి కొరియరు చేరాలంటే బిల్డింగు పేరు, సెల్ నెంబరు కావాలి. లేదా దుబాయి మునిసిపాలిటీ వాళ్ళు 2015లో 'మకానీ' అని తెచ్చిన పదంకెల గుమ్మం నెంబరు రాసినా సరే.

అమెరికాలో కొండల మధ్య చిన్న ఊళ్ళో ఉన్న డాక్టరుగారిది ఇంకో కథ. అక్కడ కొన్ని చిన్న ఊళ్ళలో పోస్టుమాన్ ఇంటింటికీ రాడు. బదులుగా పోస్టాఫీసు వాళ్ళే పెట్టె ఉచితంగా ఇస్తారు. ఇంటికి నెంబరుంటుంది, కొరియరు బండి దాని దగ్గరికి వస్తుంది. అదే నెంబరు రాసి పోస్టులో వేస్తే మాత్రం తిరిగొచ్చేసే ప్రమాదం ఉంది. కాబట్టి ఆయన రెండు చిరునామాలూ చెప్పాలి, దేంట్లో పంపుతున్నామో మనం చెప్పాలి.

2025లో మన తపాలా శాఖ, ఐఐటీ హైదరాబాదు, ఇస్రో వారి ఎన్.ఆర్.ఎస్.సి. కలిసి డిజిపిన్ అని తెచ్చారు. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల చదరాలుగా విడగొట్టి ఒక్కోదానికి పదక్షరాల గుర్తు ఇచ్చారు. ఆ లెక్కన మా వంటింటికి ఒకటి, వెనక గదికి ఒకటి రావచ్చు. గొప్ప పనే. కాని అది చోటుకి గుర్తు. మనిషి ఇవాళ ఇక్కడుంటాడు, రేపు ఇంకోచోట ఉంటాడు. ఏటేటా అద్దె ఇల్లు మారేవాడికి, పని వెతుక్కుంటూ తిరిగేవాడికి మారకుండా ఉండేది ఆ తాళం పెట్టె ఒక్కటే. దాన్ని కాదంటే వాణ్ణి కాదన్నట్టే.

మర్నాడు కోడలు తెలిసిన కుర్రాణ్ణి పిలిచి ఫారం మార్పించింది. ఇప్పుడు పి.ఓ. పక్కన బాక్సు అనో, బ్యాగు అనో ఉంటేనే అనుమానిస్తుంది. అప్పుడు కూడా పొమ్మనదు. "ఇది పోస్టు బాక్సా? అయితే పోస్టులో పంపుతాం, కాస్త ఆలస్యం కావచ్చు. కొరియరు కావాలంటే ఇంటి చిరునామా, ఫోను నెంబరు ఇవ్వండి" అని అడుగుతుంది. అదీ డబ్బు కట్టకముందే. కట్టించుకున్నాక కాదనడం మర్యాద కాదు. ఏ.పి.ఓ. అని ఉంటే ఊరి పేరు అడగదు. బిల్లు చిరునామాలో పోస్టు బాక్సుంటే పట్టించుకోదు. బిల్లుకి తలుపెందుకు?

పోస్టులో పంపడమంటే మాటలు కాదు. క్యూలో నించోవాలి, తూకం వేయించాలి, రసీదు దాచాలి. అవన్నీ నా నెత్తినే పడ్డాయి. మూడో కాఫీ మంజూరు చెయ్యమని అర్జీ పెట్టుకున్నాను, ఇంకా పరిశీలనలో ఉంది.

చొక్కా పొట్లం మీద అడ్రసు నేనే రాశాను. పేరు, నెంబరు, యూనిట్టు, కేరాఫ్ 99 ఏ.పి.ఓ. అంతే. ఇన్నేళ్ళ అలవాటు కదా, ఊరి పేరు దగ్గర చెయ్యి కాస్సేపు ఆగింది. రెండు వారాలయ్యాక ఆవిడే ఫోను చేసింది.

"అందింది బాబూ. కూసింత వదులైనాదంట."

"మార్చి పంపుతామమ్మా, కొలత చెప్పమనండి" అన్నాను.

"వొద్దు బాబూ. సెలవుకొచ్చినపుడు నా సేతి కూడు నాలుగు దినాలు తింటే అదే సరిపోతాది" అంది.