దిమ్మల లెక్క

లాల్‌పేట్ బొగ్గుగనుల పేట. బరువును టన్నులలో చెప్పుకొనుట ఇచ్చటి పిల్లలకు క్రొత్త గాదు. మేము పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది వచ్చి, తెలుగు చెప్పువారము. గణితము మా పాఠము కాదు. అయినను ఘనపరిమాణము, సాంద్రత మొదలగు మాటల యర్థము చెప్పుట మా పనియే యని తలంతుము.

గత సంవత్సరము మా విద్యార్థిని తండ్రి యొకరు అప్పు చేసి, పాత యింటి గోడకు ఆనించి ఒక గది కట్టదలచిరి. సిమెంటు దిమ్మలు అమ్మువాడు 400 కావలెనని మరాఠీలో చీటి వ్రాసి యిచ్చెను. బాలిక దానిని మాకు చూపెను. మేము మాటలను తెలుగు చేసితిమి. లెక్క ఆమెచేతనే కట్టించితిమి.

దిమ్మ పొడవు 39, ఎత్తు 19, మందము 14 సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు మాలు చేరగా గోడలో అది 40 × 20 చోటు పట్టును. అనగా చదరపు మీటరుకు పన్నెండున్నర దిమ్మలు. మూడు క్రొత్త గోడల మొత్తము పొడవు 9 మీటర్లు, ఎత్తు 3. వైశాల్యము 27 చదరపు మీటర్లు. వాకిలికి 2, కిటికీకి 1 తీసివేయగా మిగిలినది 24. దానికి 300 దిమ్మలు. విరుగుడు క్రింద నూటికి 5 చొప్పున కలుపగా 315.

ఇక బరువు. దిమ్మ ఘనపరిమాణము 0.010374 ఘన మీటరు. కాంక్రీటు ఘన మీటరుకు సుమారు 2,400 కిలోలు తూగును గనుక, దిమ్మ దాదాపు 25 కిలోలు.

అప్పుడా బాలిక, "సార్, లారీ మా సందులోకి రాదు. అన్నీ అమ్మనే మోయాలి" అనెను. మేము మారు పలుకలేకపోతిమి. ఆమెయే మరల పలక తీసికొని, ఎక్కువ వ్రాసిన 85 దిమ్మలను 25 చేత హెచ్చించెను: 2,125 కిలోలు. రెండు టన్నులకు పైబడిన బరువది. దాని వెల అప్పులోనిది. మరునాడు తండ్రి ఆ లెక్క చూపి, 315 దిమ్మలే తెచ్చుకొనెను.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. దిమ్మలు కొనునపుడు ఒకదానిని కాటాపై తూచుడు. గట్టి దిమ్మ సాంద్రత ఘన మీటరుకు 1,800 కిలోలకు తగ్గరాదని భారత ప్రమాణము 2185 చెప్పుచున్నది. ఈ కొలత దిమ్మ 18.7 కిలోలకు తగ్గినచో కొనవలదు. బోలు దిమ్మలకును, విద్యుత్ కేంద్రపు బూడిదతో చేసిన ఇటుకలకును కొలతలు, బరువులు వేరు. వాని లెక్క వేరుగా కట్టవలెను. చీటి ఏ భాషలో నున్నను పిల్లల చేతికిచ్చి బడికి పంపుడు. చదివి, వారిచేతనే లెక్క కట్టించెదము.