నడుం నొప్పులన్నీ ఫ్లోరిన్ నొప్పులు కావు

ఎప్పుడూ పత్తి, బోర్ల ముచ్చట్లే రాస్త. ఇయ్యాల మగోళ్లం సిగ్గుపడి దాచుకునే ముచ్చట ఒకటి రాస్తున్న. ఓపికతో చివరిదాక చదవండి.

దేవరకొండ దిక్కు తండాల నాకొక దోస్తు ఉండె. లంబాడీ మనిషి, నాకంటే పెద్దోడు, అన్నా అనే పిలిచేది. ఆయన ఎడ్లు మా చెలకల, మా ఎడ్లు ఆయన చెలకల ఇరవై ఏండ్లు దున్నినయి. అరవై దాటినంక రాత్రి నాలుగైదు సార్లు ఒంటికి లేచేటోడు. ధార సన్నబడ్డది. "ముసలితనం తమ్మీ" అని నవ్వేటోడు. తర్వాత నడుం నొప్పి మొదలైంది. మన నల్గొండల నడుం నొప్పి అంటే అందరం ఏమంటం? ఫ్లోరిన్ నీళ్లు అంటం. ఆయన అదే అనుకున్నడు, నేనూ అదే అన్న. ఏడాది నొప్పి సూదులతోనే గడిచింది.

చివరికి హైదరాబాద్ తీసుకపోతే ప్రోస్టేట్ క్యాన్సర్, ఎముకలకు పాకిందన్నరు. డాక్టర్ తెలుగుల చెప్పింది ఆయనకు సగమే అర్థమైంది. తమ భాషల చెప్పాల్సిన కొడుకు తల దించుకున్నడు. తండ్రితోని ఆ ముచ్చట ఎట్ల మాట్లాడుతడు? రెండేండ్లకు అన్న పోయిండు. "ఫ్లోరినే" అన్న నా మాట ఇంకా గుచ్చుతనే ఉంది.

ప్రోస్టేట్ అంటే మూత్రసంచి కింద మగోళ్లకే ఉండే చిన్న గ్రంథి. వయసుతోని అది ఉబ్బుడు మామూలే, ఉబ్బినవన్నీ క్యాన్సర్ కావు. ఫ్లోరిన్‌తోని గట్టిపడ్డ ఎముక ఎక్స్‌రేల తెల్లగ కనపడతది, ఈ క్యాన్సర్ పాకినా తెల్లగనే కనపడొచ్చు. అందుకే ధార సన్నబడ్డా, మూత్రంల రక్తం పడ్డా, నడుం నొప్పి తగ్గకున్నా ఆలోచన పెట్టుకోవద్దు, డాక్టర్‌కు చూపించుకోవాలె.

ఏ బాధా లేనోళ్ల సంగతి వేరే. అన్న పోయినంక భయమై, ఎవరినీ అడగకుండ టౌన్‌ల పీఎస్ఏ రక్త పరీక్ష చేయించిన. 6 దాటింది. మామూలుగ 4 లోపు ఉండాలంటరు. పది రోజులు అన్నం దిగలే, ఇంట్ల చెప్పలే. యూరాలజీ డాక్టర్ చూసి మూత్రంల ఇన్ఫెక్షన్ ఉందని మందులిచ్చిండు. కొన్ని వారాలకు మళ్లీ చేయిస్తే తగ్గింది.

లింగాకర్షక బుట్టల రెండు పురుగులు పడ్డయని చేనంతా మందు కొడతమా? ఇదీ అసొంటిదే. అమెరికాల ప్రభుత్వ నిపుణుల బృందం 2018ల ఒక లెక్క ఇచ్చింది. 55 నుంచి 69 ఏండ్లోళ్లు 1000 మంది ఏండ్ల తరబడి ఈ పరీక్ష చేయించుకుంటే 240 మందికి ఎక్కువ వస్తది. ముక్క తీసి చూస్తే 100 మందికి క్యాన్సర్ తేలుతది. అందుల కొందరికి అది బతికినన్ని రోజులు ఏమీ చెయ్యదు. 80 మంది ఆపరేషనో రేడియేషనో చేయించుకుంటే 50 మందికి సంసారం దెబ్బతింటది, 15 మందికి మూత్రం ఆగదు. చావు తప్పేది ఒకరిద్దరికి, ఒళ్లంత పాకకుండ ఆగేది ముగ్గురికి. 70 దాటినోళ్లకు వద్దనే అన్నరు. లెక్క అక్కడిదే, కాని లాభం ఉన్నట్టే నష్టం కూడ ఉన్నదని తెలుస్తది.

అందుకే చేయించుకోండి అని చెప్పను, వద్దనీ చెప్పను. తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే ముప్పు ఎక్కువ, అది డాక్టర్‌కు ముందే చెప్పండి. రక్తం ఇచ్చే ముందే మూడు మాటలు అడగండి: ఎక్కువ వస్తే తర్వాత ఏం చేస్తరు? మెల్లగ పెరిగేదైతే ఆపరేషన్ లేకుండ చూసుకుంట ఉండొచ్చా? నా వయసుకు లాభమెంత? ఇంటామెను కూడ పక్కన కూర్చోపెట్టుకోండి, నష్టం ఇద్దరిదీ.

ఇంటికొచ్చే ఏఎన్ఎం, ఆశా అక్కలు బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, ఆడోళ్ల క్యాన్సర్లు అడుగుతరు. ఇది వాళ్ల లిస్టుల లేదు. మనమే నోరు తెరవాలె. హైదరాబాద్‌ల నిమ్స్, ఎంఎన్‌జే ఉన్నయి, పోయేటప్పుడు ఆరోగ్యశ్రీకి రేషన్ కార్డు పెట్టుకోండి.

తండాల మీ దోస్తులుంటే ఇది పంపుడు కాదు, పక్కన కూర్చొని వాళ్ల భాషల చదివి చెప్పండి. నేను మా అన్నకు ఆ పని చెయ్యలే.

ఉంట మరి.