మెర్కల్ మీద పడ్డ నింద

సెప్టెంబరు 23

1908లో సరిగ్గా ఈ తేదీన ఆ బేస్‌బాల్ ఆట జరిగిన చోటు చూద్దామని న్యూయార్క్‌లోని హార్లెమ్ వెళ్లాను. ఆట జరిగిన మైదానం పోలో గ్రౌండ్స్‌ను 1964లో కూల్చేశారు. ఇప్పుడక్కడ ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు. కొండ వాలు మీది నుంచి కిందికి దిగే పాత మెట్లు మాత్రం ఉన్నాయి, ఇక్కడ ఆడిన న్యూయార్క్ జయింట్స్ జట్టు 1913లో కట్టించి ఇచ్చినవి.

ఆ ఆట జయింట్స్‌కీ షికాగో కబ్స్‌కీ. జయింట్స్‌లో మామూలుగా మొదటి బేస్ దగ్గర ఆడే ఫ్రెడ్ టెన్నీకి నడుం నొప్పి. అతని బదులు పందొమ్మిదేళ్ల ఫ్రెడ్ మెర్కల్‌ని దించారు. తొమ్మిదో ఇన్నింగ్స్ చివరికొచ్చేసరికి చెరొక పరుగు, జయింట్స్‌కి అప్పటికే రెండు ఔట్లు. మూడో బేస్‌లో మెకార్మిక్, మొదటి బేస్‌లో మెర్కల్. అల్ బ్రిడ్‌వెల్ కొట్టిన బంతి సెంటర్‌ఫీల్డ్‌లోకి దూసుకెళ్లింది. మెకార్మిక్ హోమ్ ప్లేట్‌కి చేరాడు. ఆట గెలిచేశామని జనం మైదానంలోకి విరుచుకుపడ్డారు. సగం దూరం వెళ్లిన మెర్కల్ రెండో బేస్ తాకకుండానే పక్కకు తిరిగి క్లబ్‌హౌస్ వైపు పరుగు తీశాడు.

కబ్స్ ఆటగాడు జానీ ఈవర్స్ మాత్రం బంతి కోసం కేకలు పెడుతున్నాడు. ఆ తొక్కిసలాటలో ఎలాగో ఒక బంతి సంపాదించి రెండో బేస్ మీద నిలబడ్డాడు. అది బ్రిడ్‌వెల్ కొట్టిన బంతేనా అన్నది నేటికీ తేలలేదు. అంపైర్ హ్యాంక్ ఓడే మెర్కల్ ఔట్ అన్నాడు. అది మూడో ఔట్, పరుగు చెల్లదు. జనాన్ని ఖాళీ చేయించి ఆట సాగించే వీలు లేదు, చీకటి పడుతోంది. ఆట టై.

సెప్టెంబరు 25

నిబంధన చదివాను. వెనకున్నవాడు తప్పనిసరిగా వెళ్లాల్సిన బేస్‌కి చేరకముందే మూడో ఔట్ అయితే ముందున్నవాడి పరుగు లెక్కలోకి రాదు. ఓడే తీర్పు అక్షరాలా సరైనదే. కానీ గెలుపు పరుగు వచ్చాక వెనకున్నవాడు వెనుదిరిగి పోవడం ఆనాటి అందరి అలవాటు. పందొమ్మిది రోజుల ముందు, సెప్టెంబరు 4న, పిట్స్‌బర్గ్‌లో కబ్స్‌తో ఆటలో వారెన్ గిల్ ఇదే పని చేశాడు. ఈవర్స్ అప్పుడూ ఫిర్యాదు చేశాడు, అంపైర్ ఓడేనే. తాను చూడలేదంటూ పరుగు ఇచ్చేశాడు. అక్కడ చెల్లింది ఇక్కడ చెల్లకపోతే, ఆ సంగతి మెర్కల్‌కి ముందుగా ఎవరు చెప్పారు?

1947లో సిడ్నీ క్రికెట్ టెస్టులో, బంతి వేయకముందే క్రీజు దాటిన బిల్ బ్రౌన్‌ని బౌలర్ వినూ మన్కడ్ రనౌట్ చేసినప్పుడు జనం నిబంధనని వదిలేసి మనిషిని తిట్టారు. ఇక్కడా అంతే, తిట్లు తిన్నవాడు మారాడు: అక్కడ ఔట్ చేసినవాడు, ఇక్కడ ఔటైనవాడు. పత్రికలు మెర్కల్‌ని 'బోన్‌హెడ్' అన్నాయి. మన మాటలో మట్టిబుర్ర. ఆ పేరు బతికినంతకాలం వదల్లేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

అక్టోబరు 8

సీజన్ ముగిసేసరికి రెండు జట్లూ 98 గెలుపులు, 55 ఓటములతో సమానం. అందుకని ఇదే తేదీన పోలో గ్రౌండ్స్‌లోనే మళ్లీ ఆడారు. ఆ ఏడాది 37 ఆటలు గెలిపించిన పిచర్ క్రిస్టీ మాథ్యూసన్ జయింట్స్ తరఫున బంతి పట్టాడు. కబ్స్ 4-2తో గెలిచింది, తర్వాత డెట్రాయిట్‌ని ఓడించి ప్రపంచ సిరీస్ ఎత్తుకుపోయింది. మళ్లీ అది వాళ్లకి దక్కింది 2016లోనే.

జయింట్స్ మేనేజర్ జాన్ మెక్‌గ్రా మెర్కల్‌ని ఒక్క మాటా అనలేదు. మరుసటి ఏడాది జీతం పెంచాడు, 1910 నుంచి మొదటి బేస్ అతనికే అప్పగించాడు. తర్వాత్తర్వాత అదే కబ్స్‌కీ మెర్కల్ ఆడాడు. మట్టిబుర్ర అయితే అన్నేళ్లు పెద్ద జట్లు పెట్టుకుంటాయా?

ఒక లెక్క రాసిపెట్టుకోవాలి. సెప్టెంబరు 29, అక్టోబరు 1, అక్టోబరు 3 తేదీల్లో ఫిలడెల్ఫియా కుర్ర పిచర్ హ్యారీ కొవెలెస్కీ ఒక్కడే జయింట్స్‌ని మూడుసార్లు ఓడించాడు. అందులో ఏ ఒక్కటి గెలిచినా రెండు జట్లూ సమానమయ్యేవి కావు. ఆ మూడు ఓటముల్లో ఒక్కదానికీ మెర్కల్ కారణం కాదు.