శుక్రవారం రాత్రి ఆట

శుక్రవారమంటే మెల్‌బోర్న్‌లో మా ఇంట పప్పుచారు పెందలాడే పొయ్యెక్కే రోజు. విక్టోరియన్ జూనియర్ బాస్కెట్‌బాల్ లీగ్ ఆటలు ఆ రాత్రే. ఓ వారం పక్క పేటలో, మరో వారం ఊరికి ఆ చివర. బ్యాగులో మా అబ్బాయి షూస్, నీళ్ల సీసా, నా పులిహోర డబ్బా.

శనివారం లోకల్ ఆటల్లో మావాడే హీరో. శుక్రవారం లీగ్‌లో ఆడే క్లబ్బు జట్టుకు సెలక్టయ్యాక తెలిసింది, అక్కడ అందరూ హీరోలేనని. కోర్టులో ఉండేది ఐదుగురే. మొదటి నెలంతా వాడు బెంచీ మీదే ఎక్కువ కూర్చున్నాడు. "ఇంత డబ్బు కట్టింది కూర్చోబెట్టడానికా?" అని కారులో గొణిగాను. వాడు విన్నాడు. ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఫీజు కట్టింది ప్రాక్టీసుకి. ఆడే నిమిషాలు కొనుక్కోలేదు కదా!

వయసు లెక్క ఇంకో తిరకాసు. అండర్-14లో 12 ఏళ్లవాడు 13 ఏళ్లవాడి భుజం దాకా వస్తే గొప్ప. పైగా ఏటా మళ్లీ సెలక్షన్. పాత చోటు ఎవరూ ఆపి ఉంచరు. సీజన్ మొదట్లో గ్రేడింగ్ ఆటల్లో చిత్తుగా ఓడినా కంగారు పడక్కర్లేదు, అవి సరిజోడు జట్లను తేల్చడానికే.

అమ్మానాన్నలకీ డ్యూటీలుంటాయి. నాకు స్కోరు టేబుల్ పడింది. అక్కడ కూర్చుంటే అరవకూడదు, అదే నాకు పెద్ద శిక్ష. ఓ రాత్రి మావాడి ఐదో ఫౌల్ నా చేత్తోనే రాయాల్సొచ్చింది. ఐదైతే ఇక ఆట లేదు. నావైపు చూడకుండానే బెంచీకి నడిచాడు. కారులో చాలాసేపు మౌనం. సగం దారిలో అడిగాడు: "నాన్నా, పులిహోర మిగిలిందా?"