బోల్టు లేని తుపాకి

సంగటికి పెట్టిన ఎసరు తుపాకి గొట్టంలో పోసినాడని మా పెద్దమ్మ తిట్టని వేట రాత్రి నాకు గుర్తు లేదు. పెద్దనాయన ఏ అర్ధరాత్రో ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా నేరుగా పొయ్యి దగ్గరికి పోతాడు. కుతకుత ఉడుకుతున్న నీళ్లు చెంబుతో ముంచుకుంటాడు. తుపాకి నుంచి బోల్టు ఊడదీసి, వెనక వైపు గరాటు పెట్టి నీళ్లు పోస్తాడు. ముందు మూతి నుంచి మసి నీళ్లు కడప బండల మీద పడేవి. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది: కాలిన మందు, వేడెక్కిన ఇనుము, కట్టెకు పట్టించిన అవిశనూనె.

"నూనె పూస్తే చాలదా, నీళ్లెందుకు?" అని ఒకసారి అడిగినాను. "ఉప్పు నూనెలో కరుగుతాదా?" అన్నాడు. అంతే, ఇంకో మాట చెప్పలేదు. పాత తూటాల అడుగున నిప్పు పుట్టించే మందు కాలినాక గొట్టంలో ఉప్పు మిగులుతుందనీ, అది గాలిలో తేమను పీల్చుకుని లోపలి మరగీతలను తుప్పుతో తినేస్తుందనీ, దాన్ని కడగాలంటే నీళ్లే దారి అనీ ఎన్నో ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. పెద్దనాయనకు ఎవరు చెప్పినారో మరి.

మా ఊరు రుద్రవరానికీ అహోబిలానికీ నడుమ, నల్లమల కాలి కింద. అప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. నేను చెప్పేది డెబ్బైల చివరి, ఎనభైల మొదటి మాట. తుపాకి .315 రైఫిలు, ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసింది. మావాళ్లు "ఎనిమిది ఎం.ఎం." అనేవాళ్లు. మ్యాగజీనులో ఐదు తూటాలు పడతాయి. ఒడలంతా సిపాయి తుపాకిదే, లీ ఎన్‌ఫీల్డ్ మరే. తూటా మాత్రం వేరు. తెల్లదొరలు పటాలానికి వాడే .303 తూటాను మామూలు జనం చేతికి ఇయ్యడానికి భయపడినారు. అందుకని వేటకు వేరే కొలత తూటాలు వచ్చినాయి. ఈ .315 అనేది అసలు ఆస్ట్రియా సైన్యం వాడిన మాన్లికర్ తూటా. ఎక్కడి ఆస్ట్రియా! దొరల భయం పుణ్యాన ఆ సిపాయిల తూటా అహోబిలం కొండ కింద బుడ్డల చేలో పందుల మీద పేలింది.

దాని అందం గురించి చెప్పాలి. అందమంటే చెక్కడం, వెండి పనీ ఏమీ లేవు. మడమ కట్టె ఒక పక్క గీసుకుపోయి ఉండేది. బోల్టు పిడి గుండు చేతుల రాపిడికి నున్నబడి మెరిసేది. ఆ గుండును పైకి లేపి వెనక్కి లాగితే చాలా తేలిగ్గా వస్తుంది. ముందుకు తోసేటప్పుడు మాత్రం చివర్లో స్ప్రింగు ఎదురు నిలబడుతుంది, అరచేత్తో ఒత్తి కిందికి మడవాల. ఆ ఒత్తిడిలోనే తుపాకి సిద్ధమవుతుంది. నాకు పదహారేళ్లప్పుడు ఖాళీ తుపాకితో ఆ పని చేస్తూ మిద్దె మీద సాయంత్రాలు గడిపినాను. గురి మీద కంటే ఆ చప్పుడు మీదనే నాకు మోజు.

కాలేజీకి పోయినాక నాకు తెలివి ఎక్కువైంది. ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివి, మౌజరు రైఫిలుకు బోల్టు ముందు వైపు గట్టిగా బిగుసుకుంటుందనీ, మనదానికి వెనక వైపు బిగుస్తుంది కాబట్టి పేలినప్పుడు ఇనుము కొంచెం సాగుతుందనీ, అందుకే గురిలో మౌజరే మేలనీ సెలవుల్లో ఉపన్యాసం ఇచ్చినాను. పెద్దనాయన ఆకు వక్క నమలడం ఆపి అంతా విన్నాడు.

"మౌజరుతో కొడితే పంది ఇంగా ఎక్కువ సచ్చాదా?"

అరుగు మీద కూర్చున్నవాళ్లంతా నవ్వినారు. ఆ రాత్రి అన్నానికి పిలిచినా లోపలికి పోలేదు నేను. చదివింది తప్పేమీ కాదు. కానీ ఆ తేడా బయటపడాలంటే రాయి మీద ఆనించి, రెండు మూడు వందల గజాల దూరం నుంచి కాగితం మీద కొట్టాల. మా చేలో పెద్దనాయన ఎన్నడూ వంద గజాలు దాటి కాల్చలేదు. దాని గుండు మొద్దు ముక్కుది, పదహారు గ్రాముల దాకా బరువు. వేగం సెకనుకు రెండు వేల అడుగులకు అటూ ఇటూ. దూరం పెరిగేకొద్దీ కిందికి వాలిపోతుంది. దగ్గరికి పోతే మాత్రం పంది మూపు పట్టును చీల్చుకుపోతుంది.

గురి సంగతిలో ఆయన ఇనుమును కాదు, కట్టెను అనుమానించేవాడు. మా ఎండలు తెలిసినవే కదా. మే నెలలో కట్టె ఎండి కుంచించుకుపోతుంది, మరలు వదులవుతాయి. వానలు పడితే ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకు ఒత్తుతుంది. అదే తుపాకి, అదే చెయ్యి. గుండు మాత్రం ఎండాకాలం ఒక చోట, వానాకాలం ఇంకో చోట పడేది. అందుకే బుడ్డలు ఊడలు దిగే కాలానికి, చేల మీదికి పందులు దిగకముందే, వంక గట్టు మీద సున్నంతో చిన్న బొట్టు పెట్టించి ఒక గుండు కాల్చి చూసేవాడు. తప్పితే మరలు బిగించి ఇంకొకటి. మూడోది నాకు జ్ఞాపకం లేదు. ఉండకపోవచ్చు కూడా, లైసెన్సులో ఏడాదికి ఇన్నే తూటాలని రాసి ఉండేది. కర్నూలు దుకాణంలో కొన్నవన్నీ పుస్తకంలో ఎక్కేవి.

ఆ తూటాల అడుగున కె.ఎఫ్. అని అచ్చు ఉండేది, పుణె దగ్గరి కిర్కీ ఫ్యాక్టరీది. పాతబడిన పెట్టెలో తూటాలు కొన్ని మొండికేసేవి. ట్రిగ్గరు నొక్కితే టిక్కుమంటుంది, పేలదు. పేలలేదు గదా అని తుపాకి దించుకున్నామా, అప్పుడు ఢామ్మని పేలుతుంది. ఆ నడుమ ఉండేది రెప్పపాటే. ఆ రెప్పపాటు గొట్టం కదలకుండా పట్టుకోవడం పెద్దనాయనకు తెలిసినట్టు మా వైపు ఎవరికీ తెలియదు. "టిక్కన్నంక మనిషి రాయి కావాల" అనేవాడు. ఆయన గురి గొప్పదని ఊరు చెప్పుకునేది. నన్నడిగితే ఆ గొప్పంతా ఆ రెప్పపాటులో ఉంది.

కాదు, ఇంకొకరికి కూడా వాటా ఉంది. అడవిలోని గూడెం నుంచి చెంచు ముసలాయన ఒకాయన వచ్చేవాడు. పంది ఏ గనిమ మీదుగా దిగుతుందో, గాలి ఎటు మళ్లుతుందో ఆయనకే తెలుసు. అరవై గజాల లోపలికి తెచ్చి కూర్చోబెట్టేది ఆయన, పేరు వచ్చేది మాత్రం రైఫిలుకు. ఆయన దాన్ని ఒక్కసారైనా ముట్టుకోగా నేను చూడలేదు. "శానా అరుచ్చాది" అనేవాడు ముఖం చిట్లించి. ఆయన పేరు ఎంత తలపోసుకున్నా గుర్తు రావడం లేదు. తుపాకి నంబరులో చివరి మూడంకెలు మాత్రం గుర్తున్నాయి.

నా పని బ్యాటరీ పట్టడం. ఐదు సెల్లుల టార్చి, పొడుగ్గా చేతికర్ర మాదిరి ఉండేది. వెలుతురు పడగానే కండ్లు మెరుస్తాయి. ఏ కండ్లు ఎవరివో తెలిసేదాకా పెద్దనాయన ట్రిగ్గరు మీద వేలు పెట్టడు. ఒకసారి చేను కొసన జంట దీపాలు మెరిసినాయి. నేను గుసగుసగా "కొట్టు, కొట్టు" అంటున్నాను. ఆయన గొట్టం నేలకు దించినాడు. అది మా ఎదురింటి వాళ్ల ఎనుము, కట్టు తెంచుకుని వచ్చింది.

కడప వైపు, మా అవ్వోళ్ల ఊరు సిద్దవటం పక్కన. లంకమల కంపల్లో అక్కడి పిల్లోళ్లు కూడా రాత్రుళ్లు బ్యాటరీలు పట్టుకుని తిరిగేవాళ్లు, కుందేళ్ల కోసం, కౌజుల కోసం. 1986 జనవరిలో అట్లాంటి రాత్రి వెలుతురులోనే రెడ్డిపల్లె దగ్గర ఒక వేటగాని చేతికి కలివికోడి చిక్కింది. 1900 తర్వాత ఎవరికీ కనబడని పిట్ట. బొంబాయి నుంచి వచ్చిన పిట్టల శాస్త్రజ్ఞులకు కూడా దాన్ని చూపించింది ఆ వేటగాడే. దాని పుణ్యాన లంకమల అభయారణ్యమైంది. ఆ వార్త పేపర్లో చదివి వినిపిస్తే మా పెద్దనాయన అడిగిన మాట, "దాన్ని తినలేదా?" అని. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

చట్టం మాట ఎవరైనా అడుగుతారని చెబుతున్నాను. వన్యప్రాణుల చట్టం 1972ది. పంది వేటకు మొదట అనుమతి కాగితాలు ఇచ్చేవాళ్లు, 1991 సవరణతో ఆ దారీ మూసుకుపోయింది. పెద్దనాయన తుపాకి లైసెన్సు నేను నా కండ్లతో చూసినాను. వేట కాగితం చూసినట్టు మాత్రం చెప్పలేను.

కెన్నెత్ ఆండర్సన్ వేట పుస్తకాల్లో మా గాజులపల్లె, చెలమ, బసవాపురం స్టేషన్ల పేర్లు మొదట చూసినప్పుడు ఒళ్లు పులకరించింది. ఆయన తుపాకి .405 విన్‌చెస్టర్. బోల్టు కాదు, కింద లీవరు లాగేది. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. ఎందుకో ఆయన కూడా బోల్టు రైఫిలే పట్టి ఉంటాడని అనుకున్నాను.

మా సీమలో తుపాకి ఉన్న ఇల్లంటే పందుల కోసమే అనుకునేవాళ్లు తక్కువ. ఏ సంవత్సరమో సరిగ్గా చెప్పలేను, పక్క మండలంలో రెండు వర్గాలు కొట్టుకుంటున్న రోజులు, మండలాలింకా తాలూకాలుగానే ఉన్నాయేమో కూడా. పొద్దు గుంకినాక జీపు వచ్చి ఆగింది. దిగినవాళ్లలో ఒకాయన మాకు దూరపు చుట్టం. కాఫీ తాగి, వానల మాట, బుడ్డల ధర మాట అయినాక అడిగినాడు.

"అన్నా, రెండు దినాలకు తుపాకి ఇయ్యి. మళ్లా తెచ్చిచ్చా."

పెద్దనాయన లేచి లోపలికి పోయి రైఫిలు తెచ్చి ఆయన ఒళ్లోనే పెట్టినాడు. వెనక బోల్టు ఉండాల్సిన చోట బొక్క.

"బోల్టు రిపేరికి కర్నూలుకు పోయిండాది. కావాలంటే కర్ర మాదిరి తీసకపో."

చుట్టం ఆ బొక్కలోకి తొంగి చూసినాడు. గొట్టం అవతలి కొసన మా లాంతరు వెలుతురు కనబడి ఉంటుంది. నవ్వి తిరిగి ఇచ్చేసినాడు. జీపు పోయినాక పెద్దమ్మ తలుపు గడియ వేసి, జొన్నల గాదెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన బోల్టు బయటికి తీసింది. జీపు చప్పుడు వినగానే దాన్ని ఊడదీసింది ఎవరు? పెద్దనాయన ఆ సాయంత్రమంతా అరుగు మీదనే ఉన్నాడు. బోల్టు పూర్తిగా వెనక్కి లాగి, దాని తలను బొటనవేలితో పైకి ఎగదోస్తే గాని ఊడి రాదు. అది ఆమెకు ఎప్పుడు తెలిసిందో. ఎసరు కోసం తిట్టే మనిషి, అన్నాళ్లూ కంటి కొసతో చూస్తూనే ఉందన్నమాట.

ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవాల. తిరిగి వచ్చినప్పుడల్లా గొట్టంలో ఎర్రటి పొర. ఆయన మాట్లాడకుండా నీళ్లు కాచుకునేవాడు. చివరి రోజుల్లో కండ్లు మసకబారినాక కూడా ఏడాదికొకసారి కట్టెకు అవిశనూనె రాసేవాడు, కాల్చింది లేదు. ఆయన పోయినాక మా అన్న పేరు మీదికి లైసెన్సు రాలేదు. రైఫిలు దుకాణానికి పోయింది. ఎంతకు పోయిందో చెప్పడానికి మా అన్నకు ఇష్టం లేదు.

మొన్న సంక్రాంతికి మా అన్న మనవడు అడిగినాడు, ఆ తుపాకి అంత బాగా కొట్టేదా అని. వంక దాటుతున్న ఒంటిపందిని పెద్దనాయన పరుగులోనే పడగొట్టిన రాత్రి గురించి మొదలుపెట్టినాము. ఒకే గుండు అన్నాను నేను. బ్యాటరీ నా చేతిలోనే ఉండింది. మా అన్న ఒప్పుకోడు. మొదటిది గట్టుకు తగిలిందనీ, బోల్టు లాగి రెండోది కొట్టినాడనీ, ఆ ఖాళీ తూటా పొద్దున్నే తాను వెతికి తెచ్చి ఈల వాయించుకున్నాననీ అంటాడు. ఈల నాకూ గుర్తుంది. అది ఏ పందిదో మాత్రం ఇద్దరమూ తేల్చుకోలేకపోయినాము. పిల్లోడు అప్పటికే ఫోను తీసుకున్నాడు.