విడుదల షరతు

ప్రతి ఋతువుకూ తనదైన ముచ్చట ఒకటి ఉంటుంది. వానాకాలంలో రైతుకు నాట్ల ముచ్చట, మార్చి నెలలో విద్యార్థికి పరీక్షల ముచ్చట. మా బసంత్‌నగర్ యువకులకు ఎండాకాలం రాగానే మొదలయ్యే ముచ్చట వేరు. ఐరోపాలో ఏ ఫుట్‌బాల్ ఆటగాడు ఏ క్లబ్బును వీడి ఏ క్లబ్బులో చేరుతాడు, ఎంత ధర పలుకుతాడు, అతని ఒప్పందంలో విడుదల షరతు ఎంత అన్నదే మా చర్చ. అక్కడ పోటీలు ముగిసి మైదానాలు ఖాళీ అయిన ఆ రెండు మూడు నెలలలోనే ఇక్కడ మా వాదోపవాదాలు జోరందుకొంటాయి.

పెద్దలు దీనిని కాలక్షేపమని కొట్టివేస్తారు. ఎవరి కోట్లో లెక్కపెట్టి మనకేమి లాభమని అడుగుతారు. ఆ ప్రశ్న సమంజసమైనదే. కాని ఈ చర్చలో మా బ్రతుకులకు సంబంధించిన విషయం ఒకటి దాగి ఉన్నదని మా నమ్మకం. ఆ సంగతిని తోటి విద్యార్థుల ముందు, కళాశాల పెద్దల ముందు ఉంచాలన్నదే మా ప్రయత్నం.

రామగుండం, గోదావరిఖని బొగ్గు గనులకు పొరుగున, రాజీవ్ రహదారిని ఆనుకొని ఉన్న ఊరు మాది. 1969లో ఆరంభమైన కేశోరాం సిమెంటు కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరు. మా ఇండ్లలో కొందరు సిమెంటుకు, కొందరు సింగరేణికి పనిచేసినవారు. సాయంత్రం టీ కొట్టు ముందర మేము కూర్చున్నప్పుడు మాలో ఒకరు బార్సిలోనా పక్షం, ఒకరు రియల్ మాడ్రిడ్ పక్షం, ఇద్దరు లివర్‌పూల్ పక్షం. ఆ పట్టణాలను మాలో ఎవరమూ చూడలేదు. అయినా వాటి ఆటగాళ్ల ఒప్పందాలు ఏ యేటితో ముగుస్తాయో మాకు కంఠస్థం.

'బదిలీ' అన్న మాట మా ప్రాంతానికి కొత్తది కాదు. ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చి స్థిరపడిన ఈ మాటకు బొగ్గు గనులలో ఒక ప్రత్యేకమైన అర్థం ఉండేది. పర్మనెంటు కార్మికుడు రాని రోజున అతని స్థానంలో దిగి టబ్బులో బొగ్గు నింపేవాడిని బదిలీ ఫిల్లర్ అనేవారు. పని ఉందో లేదో ఆ పూట గని దగ్గరకు పోతేనే తెలిసేది. మస్టర్లు నిండి పర్మనెంటు అయ్యేదాకా అతనిది ఇంకొకరి స్థానమే. ఫుట్‌బాల్ బదిలీలో మనిషికి ధర పెరుగుతుంది. గని బదిలీలో మనిషికి రేపటి పూట తెలియదు. ఒకే మాట ఇన్ని దూరాలను మోస్తున్నది.

ఇక విడుదల షరతు సంగతి. స్పెయిను దేశంలో 1985లో వెలువడిన రాజశాసనం వృత్తి క్రీడాకారుల ఉద్యోగ నిబంధనలను నిర్దేశించింది. దాని ప్రకారం ఆటగాడు గడువు తీరకముందే ఒప్పందాన్ని రద్దు చేసుకొని వెళ్లవచ్చు. కాని క్లబ్బుకు పరిహారం చెల్లించాలి. ఆ పరిహారం ఎంతో ముందుగానే ఒప్పందంలో వ్రాసుకొంటారు. ఆ మొత్తం చేతికి వచ్చిన తరువాత క్లబ్బు కాదనడానికి వీలులేదు. చట్టం దృష్టిలో చెల్లించేది ఆటగాడు. సొమ్ము సమకూర్చేది అతన్ని కోరుకొన్న కొత్త క్లబ్బు. 2017 ఆగస్టులో నేమార్ బార్సిలోనాను వీడి పారిస్ చేరినప్పుడు ఈ షరతు లోకానికంతటికీ తెలిసివచ్చింది. మొత్తం 22 కోట్ల 20 లక్షల యూరోలు, ఆనాటి లెక్కన 1,600 కోట్ల రూపాయలకు పైమాటే. స్పానిష్ లీగు కార్యాలయం ఆ సొమ్మును తీసుకోవడానికి నిరాకరించింది. న్యాయవాదులు నేరుగా బార్సిలోనా క్లబ్బుకే చెల్లించారు. ఆటగాడు వెళ్లిపోయాడు. అంతటి క్లబ్బు కూడా ఆపలేకపోయింది.

ఇక్కడే మా మధ్య వాదం పుడుతుంది. ఈ షరతు క్లబ్బుకు రక్షణా, ఆటగాడికి రక్షణా? ఒక మిత్రుడు క్లబ్బు పక్షాన వాదిస్తాడు. 2021లో పెద్రీ అనే యువకునితో బార్సిలోనా కొత్త ఒప్పందం చేసుకొన్నప్పుడు విడుదల మొత్తం 100 కోట్ల యూరోలని ప్రకటించింది. అంత సొమ్ము ఎవరు తేగలరు? అది ద్వారం కాదు, ద్వారం బొమ్మ వేసిన గోడ అని అతని మాట. మరొక మిత్రుడు ఒప్పుకోడు. డార్ట్‌మండ్ క్లబ్బు నుండి హాలండ్ 2022లో మాంచెస్టర్ సిటీకి వెళ్లింది అందుబాటులో ఉన్న షరతు వల్లనే గదా అంటాడు. మూడవవాడు 2013 నాటి సువారెజ్ ఉదంతం తెస్తాడు. ఇంగ్లండులో ఇటువంటి షరతు చట్టరీత్యా తప్పనిసరి కాదు. ఇరుపక్షాలూ ఎలా వ్రాసుకొంటే అలా. నాలుగు కోట్ల పౌండ్లు దాటితే చాలునన్న తలంపుతో ఆర్సెనల్ క్లబ్బు ఆ మొత్తానికి ఒక్క పౌండు చేర్చి అడిగింది. లివర్‌పూల్ అమ్మలేదు. ఆ వేసవి అతడు కదలలేకపోయాడు. షరతు ఉన్నంత మాత్రాన చాలదు. అది ఏ మాటలలో వ్రాయబడిందో ముఖ్యమని మా చర్చ అక్కడికి చేరుతుంది.

వెనుకటి రోజులలో ఈ మాత్రం వెసులుబాటు కూడా లేదు. ఇంగ్లండులో ఒప్పందం గడువు ముగిసినా ఆటగాడిని క్లబ్బు తన వద్దనే అట్టిపెట్టుకోగలిగేది. న్యూకాసిల్ ఆటగాడు జార్జ్ ఈస్ట్‌హామ్ ఆట మానుకొని మరొక ఉద్యోగం చేసుకొన్నాడు గాని తలవంచలేదు. ఆ పద్ధతి వృత్తి స్వేచ్ఛకు అన్యాయమైన ఆటంకమని 1963లో న్యాయస్థానం తేల్చింది. 1990లో బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్‌కూ అదే గతి పట్టింది. గడువు తీరినా లీజ్ క్లబ్బు బదిలీ రుసుము కోరింది. కొత్త చోటు దొరకలేదు. అయిదేండ్ల పోరాటం తరువాత 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం అతని పక్షాన తీర్పు చెప్పింది. గడువు ముగిసిన ఆటగాడు రుసుము లేకుండా వెళ్లవచ్చునన్న నేటి సూత్రం ఆ తీర్పు ఫలమే. తీర్పు వచ్చేనాటికి బోస్మన్ ఆడే వయసు చాలావరకు గడిచిపోయింది. ఫలం అనుభవించినవారు అతని తరువాతివారు.

ఇదంతా పరాయి గడ్డ కథ అనుకోవద్దు. మా కర్మాగారం యజమాన్యం కలకత్తా కేంద్రంగా నడిచినట్లే, ఒకప్పుడు మన హైదరాబాదు ఆటగాళ్ల అదృష్టం కూడా కలకత్తాలోనే తేలేది. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. ఈ రెండు జట్లలోనూ ఆడిన సికింద్రాబాదు వాసి తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1966లో మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టాడు.

ఆనాటి కలకత్తా బదిలీలు కూడా ఎండాకాలం మాటే. లీగు మొదలుకాకముందు ఆటగాళ్లు సంఘ కార్యాలయానికి వచ్చి ఏ క్లబ్బుకు ఆడేదీ సంతకం చేయాలి. ఆ సంతకం పడేదాకా ఎదుటి క్లబ్బు ఎత్తుకుపోతుందన్న భయంతో ఆటగాళ్లను రహస్యంగా దాచి ఉంచేవారు. హబీబ్ సాహెబ్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు. 1977లో పేలే ఆడిన కాస్మోస్ జట్టుపై గోలు చేశారు. ఉద్యోగపు నీడను ఆశ్రయించక ఆటనే వృత్తిగా నమ్ముకొన్న తొలి తరంవారిలో ఆయనను ప్రముఖంగా చెప్పుకొంటారు. 2023లో బలరాం, హబీబ్ ఇద్దరూ కన్నుమూశారు. మాలో నేమార్ షరతు అణా పైసలతో చెప్పగలవాడున్నాడు. హబీబ్ పేరు ఎరిగినవారు మాత్రం తక్కువ. ఈ వ్యాసం వల్ల ఆ పేరు నలుగురికి తెలిస్తే మాకు సంతోషం.

కొన్నాళ్లు మనకూ సొంత క్లబ్బు ఉండేది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చిలో గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఐ.ఎస్.ఎల్. విజేత అయింది. ఏడాది తిరిగేసరికి జీతాల బకాయిల వివాదాలు ముదిరి ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి పేరు మార్చుకొంది. అదే సంవత్సరం మా ఊరి సిమెంటు కర్మాగారం కూడా అల్ట్రాటెక్ సంస్థ పరమైంది. రెండు ఒప్పందాలలోనూ అభిమానిని గాని, ఊరిని గాని అడిగినవారు లేరు.

ఒక సాయంత్రం మా చర్చను వింటూ కూర్చున్న చాచా ఒకరు, గల్ఫులో చాలా ఏండ్లు పనిచేసి వచ్చినవారు, మెల్లగా అడిగారు.

"బేటా, రిలీజ్ అంటున్నారు. అక్కడ మేము కూడా రోజూ ఆ మాటే అనేవాళ్లం. మీరు చెప్పే పిల్లవానికి రిలీజ్ ధర కాగితం మీద వ్రాసి ఉందా?"

"ఉంది చాచా. అందరికీ తెలుసు."

"అయితే అతను అదృష్టవంతుడు. మా రిలీజ్ ధర ఎక్కడా వ్రాసి ఉండేది కాదు. కఫీల్ మనసులో ఉండేది. పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉండేది. వేరేచోట జీతం ఎక్కువిస్తామన్నా ఆయన రిలీజ్ కాగితం ఇవ్వందే కదలడానికి లేదు. మా నాన్న పోయిననాడు కూడా సెలవు దొరకలేదు."

ఆ మాటకు మాలో ఎవరమూ బదులు చెప్పలేదు. ఆటగాడికీ కూలీకీ సంబంధమేమిటని అనిపించవచ్చు. కాని ఈ రెండు లోకాలూ కలిసిన ఉదంతం ఒకటి ఉన్నది. ఖతర్‌లో ఆడిన జహీర్ బెలూనిస్ అనే ఫ్రెంచి ఆటగాడు తన క్లబ్బుతో జీతం తగాదా వచ్చి, దేశం విడిచే అనుమతి దొరకక అక్కడే చిక్కుకొని, 2013 నవంబరులో గాని ఇల్లు చేరలేకపోయాడు. బూట్లు వేసుకొని ఆడేవాడైనా, తట్ట మోసేవాడైనా, వెళ్లే దారి యజమాని దయ మీద ఆధారపడినప్పుడు ఇద్దరి స్థితీ ఒక్కటే. ప్రపంచ కప్పు పోటీలకు రెండేండ్ల ముందు, 2020లో, పని మారడానికి యజమాని అనుమతి కావాలన్న నియమాన్ని ఖతర్ చట్టం నుండి తొలగించింది. మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుండి గల్ఫుకు వెళ్లిన కుటుంబాలకు ఆ వార్త విలువ ఎంతటిదో చెప్పనక్కరలేదు.

విడుదల షరతులోని అసలు సారం అంకెలో లేదని మా అభిప్రాయం. వెళ్లే హక్కు ఒకటి ఉన్నదని, దాని వెల ఇంతని, ఇరుపక్షాలూ ముందే ఒప్పుకొని వ్రాసుకోవడంలో ఉన్నది. వెల ఎక్కువైతే బేరమాడవచ్చు, ఎదురుచూడవచ్చు, న్యాయస్థానానికి పోవచ్చు. వ్రాతే లేనప్పుడు బ్రతిమాలడం తప్ప దారి లేదు.

ఈ సంగతి మన విద్యార్థులకు దూరం కాదు. డిగ్రీ పూర్తికాగానే మనలో కొందరు హైదరాబాదు కంపెనీలలో బాండు మీద చేరుతారు. కొందరు ఏజెంటు చేతికి పాస్‌పోర్టు ఇస్తారు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు వ్యవహారంలో, మూడేండ్లు పనిచేయకముందే రాజీనామా చేసే అధికారి 2 లక్షల రూపాయలు చెల్లించాలన్న షరతు చెల్లుతుందని తీర్పు చెప్పింది. అంటే నేమార్‌కు ఉన్నది మన గుమాస్తాకూ ఉండవచ్చును; అంకె ఒక్కటే వేరు. అలాగే 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారం పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు ఆస్తి. దానిని తాకట్టు వస్తువుగా బీరువాలో పెట్టుకొనే హక్కు ఏ యజమానికీ ఆ చట్టం ఇవ్వలేదు.

కనుక సంతకం చేసేముందు నాలుగు విషయాలు చదవాలని మా విన్నపం. ఒప్పందం ఎవరితో, ఎంత కాలానికి, మధ్యలో వెళ్లదలిస్తే ఎన్ని నెలల నోటీసు, ఎంత సొమ్ము, అసలు సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి. భాష తెలియకపోతే తెలిసినవారితో చదివించుకోవాలి. కళాశాల పెద్దలు చివరి సంవత్సరం విద్యార్థులకు న్యాయవాది ఒకరిని పిలిపించి ఒక్క పూట ఈ కాగితాల సంగతి ఉర్దూలోను, తెలుగులోను చెప్పించగలిగితే, అది ఎన్నో కుటుంబాలకు ఉపకారమవుతుంది.

మన పెద్దలు ఒప్పందాన్ని కరారునామా అనేవారు. ఉర్దూలో కరార్ అంటే ఒప్పుకొన్న మాట; మనసుకు నెమ్మది అని కూడా అర్థం. వ్రాసుకొన్న మాట మనిషికి నెమ్మదినివ్వాలని ఆ పదం కోరుతున్నది. వచ్చే వేసవిలో కూడా మేము ఆ టీ కొట్టు ముందర ఎవరు ఎక్కడికి పోతారో వాదించుకొంటూనే ఉంటాము. అయితే ఇకమీదట ఆ వాదంలో మా మిత్రులు సంతకం చేయబోయే కాగితాలకు కూడా చోటుంటుంది.