ఎర్రగడ్డ పొర

మా వైపు ఉల్లిని ఎర్రగడ్డ అంటాం. కర్నూలు మార్కెట్ యార్డుకు బస్తాల కొద్దీ వచ్చే ఆ ఎర్రగడ్డే నాకు మైక్రోస్కోపు చూడ్డం నేర్పింది.

ఇంటర్ మొదటి ప్రాక్టికల్. గడ్డ కోసి, రేకు లోపలి వైపున్న పొరను చిమటాతో లాగితే తడికాగితంలా వస్తుంది. స్లైడు మీద నీటిబొట్టులో పరిచి, ఒక చుక్క సాఫ్రనిన్ రంగు వేసి, కవర్ స్లిప్‌ను సూదికి ఆనించి ఏటవాలుగా దించాలి. దబుక్కున వదిలితే గాలిబుడగలు ఇరుక్కుంటాయి. అంత జాగ్రత్తగా చేసీ, ఆత్రం కొద్దీ ఒక్కసారే పెద్ద పవరు పెట్టి, కన్ను ఆనించి మర తిప్పాను. టిక్కుమంది. కవర్ స్లిప్ పగిలింది.

సార్ తిట్టలేదు. "ముందు ఎలుతురు సూసుకోమ్మా, ఆమైన పొర సూద్దువు" అన్నారు.

అద్దాన్ని కిటికీలోంచి ఆకాశానికి తిప్పాలి, ఎండకు సూటిగా పెడితే కంటికే ముప్పు. వెలుగును కూడగట్టే కండెన్సర్ ఉంటే చదునద్దం, లేకుంటే గుంటద్దం. తెల్లటి వలయం సమంగా పరుచుకున్నాకే స్లైడు. 10 రెట్ల కటకాన్ని పక్కనుంచి వంగి చూస్తూ స్లైడు దగ్గరికి తెచ్చి, అప్పుడు కన్ను ఆనించి, దూరం జరుపుతూ వెతకాలి. దగ్గరికి జరుపుతూ వెతకడమే నేను చేసిన తప్పు.

ముందు గులాబీ మసక. అంతలో చటుక్కున గీతలు! బేతంచెర్ల బండలు పరిచినట్టు వరసలు, ఒక్కో బండలో ఓ పక్కకు ఒదిగిన ఎర్రచుక్క. అదే కేంద్రకం. 45 రెట్ల కటకానికి మారాక చిన్న మర తప్ప మరేదీ ముట్టుకోలేదు.

మా దుమ్ముకు మాత్రం మందు లేదు. చొక్కా అంచుతో తుడిస్తే ఇసుకరేణువు కటకాన్ని గీరేస్తుంది, రబ్బరు బుడ్డితో ఊదాలి. పై కటకం తిప్పినప్పుడు మచ్చా తిరిగితే దుమ్ము అక్కడే ఉంది. స్లైడుతో కదిలితే స్లైడు మీద.

చలిజ్వరం వస్తే వేలు పొడిచి నెత్తుటిచుక్క స్లైడు మీద తీసుకుపోయే మలేరియా ఆయన్ను చూస్తూ పెరిగాను. ఆ చుక్కనూ మైక్రోస్కోపు కిందే పెట్టి చూస్తారని రోనాల్డ్ రాస్ గురించి చదివాక అర్థమైంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో ఆయన మలేరియా జీవిని చూసేనాటికి, చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టి ఉన్నాయి. మిగిలిన ఒక్క కంటికటకమూ పగిలింది. కోసిన దోమలు చెదిరిపోతాయని ఆ ఉక్కలో పంకా కూడా వద్దనుకున్నాడు. ఆ తుప్పు మరల మీది వేళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మొన్న కడపలో అక్క కొడుకు వంటింటి ఎర్రగడ్డ తెచ్చుకుని మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. ఇంట్లో రంగు లేదు. "ఏమీ కనపల్లేదు చిన్నమ్మా, అంతా తెలుపే" అన్నాడు.

"ఎలుతురు ఎక్కువైంది. కిందున్న డయాఫ్రం కొంచెం కొంచెం మూస్తా పో."

మూస్తూ పోయాడు. చెయ్యి ఆగింది. అన్నానికి రమ్మని అక్క రెండుసార్లు పిలిచింది. వాడు తలెత్తలేదు.